చద్దిమూట నుంచి ధాబా దాకా

"పెద్దల మాట చద్దిమూట" అన్న సామెతను మనం ఇంకా వాడుతూనే ఉన్నాం. ఆ మూట ఎవరు కట్టుకునేవారు, ఎందుకు కట్టుకునేవారు అన్నది మాత్రం మరచిపోయాం. పొలానికి పోయే రైతూ, పశువులు కాచే పిల్లవాడూ మాత్రమే కాదు, సరుకు వేసుకుని దూరం పోయే బండివాడు కూడా చద్దిమూట లేనిదే గడప దాటేవాడు కాదు. మా తాత బరంపురం నుంచి గోపాలపురం రేవుకు ఎడ్లబండి తోలేవాడు. మా నాన్నగారు 1961 నుంచి 1988 దాకా మద్రాసు–కలకత్తా రోడ్డు మీద లారీ తోలారు. ఇప్పుడు మా మేనల్లుడు అదే రోడ్డు మీద తోలుతున్నాడు. మూడు తరాల తిండి ఒకే దారి మీద ఎలా మారిందో నాకు కొంత కంటితో చూసి, కొంత చదివి తెలుసు.

ఇది రాయడానికి కారణం ఆ మేనల్లుడే. మొన్న సంక్రాంతికి ఇంటికి వచ్చాడు. ముప్పై ఎనిమిదేళ్ళు. షుగరు ఉందని ఆ మధ్యనే బయటపడింది. కాగితం నా చేతిలో పెట్టి, "వేళకు తినమన్నాడు డాక్టరు. నూనె తగ్గించమన్నాడు, కూరలు ఎక్కువ తినమన్నాడు. రోడ్డు మీద నాకు వేళేటి మావయ్యా? కూరేటి? బత్తాలో తిండికి పోగా మిగిలిందే కదా ఇంటికి తెచ్చేది" అన్నాడు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అతను మళ్ళీ లోడు ఎత్తుకుని వెళ్ళిపోయాక, మా నాన్నగారు ఏం తిని ఇరవై ఏడేళ్ళు ఆ బండి తోలారో గుర్తు చేసుకోవడం మొదలుపెట్టాను. ఆ ఆలోచన నన్ను చాలా వెనక్కి తీసుకుపోయింది.

తెలుగునాట డబ్బిచ్చి అన్నం తినే ఏర్పాటు కొత్తదేమీ కాదు. పూటకూళ్ళ ఇళ్ళు కాకతీయుల నాటి ఓరుగల్లు జీవితంలోనే ఉన్నట్లు క్రీడాభిరామం చెబుతోంది. అందులో ఒక రూకకు దొరికే భోజనాన్ని కవి వర్ణించాడు. మంచి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పెసరపప్పు, అప్పుడే కాచిన నెయ్యి, నాలుగైదు నంజుళ్ళు, అరటిపళ్ళు, గడ్డపెరుగు అందులో ఉన్నాయి. ఈనాటి పోషకాహార శాస్త్రజ్ఞుడు ఆ విస్తరి చూస్తే పంచదార ఒక్కటి పక్కన పెట్టి, తక్కినదంతా ఒప్పుకుంటాడు. బాటసారికి చౌకగా, ఒంటికి పట్టేలా పెట్టడం ఒకప్పుడు మనవాళ్ళకు తెలిసిన విద్యే అనడానికి ఇది సాక్ష్యం.

మరొక సాక్షి మన మద్రాసు తెలుగువాడే. సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో పెద్ద పరివారంతో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరాడు. వెళ్ళేటప్పుడు కడప, కర్నూలు, హైదరాబాదు, నాగపూరు మీదుగా వెళ్ళాడు. వచ్చేటప్పుడు జగన్నాథం మీదుగా మా గంజాం, శ్రీకాకుళం, విశాఖపట్నం దారిన దిగాడు. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్రను పుణ్యక్షేత్రాల కోసం చదివేవారే ఎక్కువ. నేను ఈమధ్య దాన్ని లారీ డ్రైవరు కళ్ళతో చదివాను. ఏ మజిలీలో నీళ్ళు మంచివి, ఎక్కడ అంగళ్ళు ఉన్నాయి, ఎక్కడ సామాను ముందుగానే కట్టుకోవాలి అన్నది ఆయన ఊరూరా రాసుకుంటూ పోయాడు. ఇప్పటి డ్రైవర్లు ఒకరికొకరు ఫోనులో చెప్పుకునేదీ అదే కదా!

ఆ కాలపు బాటసారికి సత్రాలూ, అన్నం పెట్టే తల్లులూ ఉండేవారు. కోనసీమలో లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళ కాని వేళ వచ్చిన వారికి కూడా లేదనకుండా అన్నం పెట్టారు. యానాం పరిసరాల్లో ఆమె పేరు ఇప్పటికీ దణ్ణం పెట్టుకుని తలుచుకుంటారు. అయితే సత్రాలు నడకకూ, ఎడ్లబండికీ సరిపోయే ఏర్పాటు. రోజంతా నడిచేవాడికి ప్రతి మజిలీలో ఒక చెట్టు, ఒక చెరువు, ఒక అరుగు ఉండేవి. మోటారు రావడంతో మజిలీల మధ్య దూరం పెరిగి, సత్రాలు వెనకబడ్డాయి.

ఇక మా రోడ్డు సంగతి. మద్రాసు నుంచి కలకత్తాకు సుమారు 1,650 కిలోమీటర్లు. చాలాకాలం దానిలో ఎక్కువ భాగాన్ని జాతీయ రహదారి 5 అన్నాం. 2010లో అంకెలు మార్చి 16 చేశారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే దాకా బరంపురం మద్రాసు రాజధానిలోనే ఉండేది. ఆ రోజు తరువాత ఇచ్ఛాపురానికి అవతల మేము వేరే రాష్ట్రం వాళ్ళమయ్యాం. మా చదువులకూ, కోర్టు కాగితాలకూ జరిగిన కష్టం ఈ పత్రిక పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. రోడ్డు తిండి మీద కూడా ఆ సరిహద్దు ప్రభావం పడింది. సరిహద్దు ఉన్నచోట పన్ను గేటు వచ్చింది, గేటు ఉన్నచోట లారీల వరుస వచ్చింది. వరుసలో గంటల తరబడి నిలబడ్డవాడికి ఆకలి వేస్తుంది కాబట్టి, మా వైపు గిరిసోలలోనూ, ఆంధ్ర వైపు పురుషోత్తపురంలోనూ భోజన హోటళ్ళు లేచాయి. తెలుగు, ఒరియా రెండూ మాట్లాడే ఆడవాళ్ళు రెండు పొయ్యిలు పెట్టి వండేవారు. భాతొ అన్నవాడికీ అన్నం అన్నవాడికీ ఒకే గుండిగ లోంచి వడ్డించేవారు. 2017లో జి.ఎస్.టి. వచ్చిన ఏడాదే ఆ పన్ను గేట్లు పోయాయి. నిలబడే బాధ తప్పినందుకు డ్రైవర్లు సంతోషించారు. వాళ్ళు నిలబడితేనే సాగే పొయ్యిలు చాలావరకు ఆరిపోయాయి.

మా నాన్నగారు మాత్రం హోటలు మీద ఆధారపడేవారు కాదు. కారణం జిహ్వ కాదు, బత్తా. డ్రైవరుకు రోజుబత్తా ముందే లెక్కగట్టి ఇస్తారు. దానిలోంచి తిన్నంత తిని, మిగిలింది ఇంటికి తెచ్చుకోవాలి. కడుపులోకి పోయే ప్రతి పైసా పిల్లల పుస్తకాల నుంచి కోసుకున్నట్టే అనేవారు. లారీ పక్కన టూల్‌బాక్సులో కిరసనాయిలు పంపుస్టవ్వు, ఒక సత్తు గిన్నె, ఒక మూకుడు, ఉప్పుడు బియ్యం సంచి, చోడిపిండి డబ్బా, పెసరపప్పు, ఉలవలు, చింతపండు, ఎండుమిరప, ఉల్లిపాయలు ఉండేవి. వెనక నీళ్ళ డ్రమ్ము వేలాడేది. క్లీనరు అనే కుర్రవాడు సగం మెకానిక్కు, సగం వంటవాడు.

ఆయన పద్ధతి ఇదీ. రోజుకు ఒక్కసారే, మధ్యాహ్నం చెట్టు కింద బండి ఆపి వంట. అన్నం వార్చకుండా అత్తెసరు పెట్టేవారు. గంజి పారబోయడం అంటే బియ్యంలోని బలం పారబోయడం అని ఆయన నమ్మకం. పప్పులో దారిలో దొరికిన ఆకుకూర ఏదైనా వేసేసేవారు. మిగిలిన అన్నంలో రాత్రి నీళ్ళు పోసి, తెల్లవారుజామున ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో చద్ది తిని బండి తీసేవారు. రాత్రి నానేసిన ఉలవలు తడిగుడ్డలో కట్టి కేబిన్లో వేలాడదీస్తే మర్నాటికి మొలకలు వచ్చేవి. సాయంత్రం చోడి అంబలి. రావులపాలెంలో అరటిగెల నుంచి ఒక అత్తం, తణుకు దగ్గర కోడిగుడ్లు, వేసవిలో తునిలో మామిడిపళ్ళు కొనేవారు. టీ రోజుకు రెండుసార్లు, అంతే.

ఆయన చదివింది ఐదో తరగతి. ఈ పద్ధతి వెనక ఎంత శాస్త్రం ఉందో నాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు. 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ అనే వైద్యుడు బెరిబెరి వ్యాధి మీద పరిశోధనకు ఒక చిన్న విభాగం ప్రారంభించాడు. అదే పెరిగి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, ఆ తరువాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. బెరిబెరి ఆ రోజుల్లో మన దేశంలో ఎక్కువగా ఉన్నది ఎక్కడో కాదు, మా ఈ రోడ్డు మీదే, ఉత్తర సర్కారుల్లో. కారణం మరలో తెల్లగా దంచిన పచ్చి బియ్యం. పై తవుడుతో పాటు బి1 విటమిను పోతుంది. కడిగిన నీళ్ళతో కొంత, వార్చిన గంజితో మరికొంత పోతుంది. వడ్లను ముందు ఉడికించి ఆరబెట్టి దంచిన ఉప్పుడు బియ్యంలో ఆ సత్తువ గింజ లోపలికి ఇంకిపోయి నిలుస్తుంది.

ఇక్కడ మన వంటి ప్రవాసపు తెలుగువాళ్ళు ఒక్క క్షణం ఆగి ఆలోచించవలసిన సంగతి ఉంది. ఈ రోడ్డుకు ఒక కొసన ఒరియావాళ్ళు ఉసునా చావుళ తింటారు. మరో కొసన తమిళులు పుళుంగలరిసి తింటారు. రెండూ మన ఉప్పుడు బియ్యమే. నడుమనున్న సొంత తెలుగుదేశం పచ్చి బియ్యం తెల్లదనానికి మురిసి జబ్బు తెచ్చుకుంది. మనం పొరుగువారి దగ్గర భాష పోగొట్టుకున్నామని ఎప్పుడూ వాపోతుంటాం. పొరుగువారి కుండ లోంచి మనకు దక్కిన మేలు కూడా లెక్కలో రాసుకోవడం న్యాయం. మా చద్దికి ఒరియా పఖాళా, తమిళుల పళయసోఱూ, కన్నడిగుల తంగళన్నమూ తోబుట్టువులే. మా చోళ్ళనే మీలో కొందరు రాగులంటారు, కొందరు తైదలంటారు. పేర్లు మారినా కూలివాడికి నాలుగు రాష్ట్రాల్లో మధ్యాహ్నం దాకా నిలిచిన కడుపు ఒక్కటే.

మెకారిసన్ చేసిన మరో పని గురించి చెప్పకుండా ధాబా సంగతికి రాలేను. ఆయన ఎలుకలను జట్లుగా విడదీసి, దేశంలో ఒక్కొక్క ప్రాంతపువారి తిండి ఒక్కొక్క జట్టుకు పెట్టాడు. సిక్కుల తిండి తిన్న ఎలుకలు సగటున 235 గ్రాములు తూగాయి. మద్రాసువారి తిండి తిన్నవి 155 గ్రాములే తూగి, అన్నిటికన్నా అట్టడుగున నిలిచాయి. సిక్కుల తిండి అంటే పొట్టు తీయని గోధుమల రొట్టె, పాలు, పెరుగు, వెన్న, పప్పు, కూరలు. మద్రాసు తిండి అంటే మరబియ్యపు అన్నం, నామమాత్రం పప్పు, లేదన్నట్టు పాలు.

1947 విభజన తరువాత పంజాబు నుంచి తరలివచ్చినవారెందరో లారీ వ్యాపారంలో స్థిరపడ్డారు. వారి వెంట ధాబా దేశమంతా నడిచింది. నులకమంచం, దానిపై అడ్డంగా ఒక బల్ల, తందూరు రొట్టె, కాలీదాల్, పచ్చి ఉల్లిపాయ, గ్లాసుడు లస్సీ ఉండేవి. మా రోడ్డు మీద కూడా అవి వెలిసినప్పుడు నాన్నగారు అప్పుడప్పుడు తినేవారు. "వాళ్ళ పప్పు కండపట్టే పప్పురా" అని మెచ్చుకునేవారు. ఎలుకల లెక్క ఆయనకు తెలియకపోయినా తీర్పు తప్పలేదు.

అయితే ఆనాటి ధాబా వేరు, ఈనాటి ధాబా వేరు. పొట్టు గోధుమ పోయి మైదా నాన్ వచ్చింది. పప్పు పైన వేలెడు నూనె తేలుతుంది. లస్సీ స్థానంలో సీసా పానీయం, దాని పక్కన చక్కెర పాకంలాంటి టీ. పేరు మిగిలింది, తిండి మారింది. అన్నం వైపు చూసినా అంతే. మా చిన్నతనంలో పేదవాడి కంచంలో చోళ్ళు, గంట్లు, జొన్నలు ఉండేవి. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చి ఎందరి ఆకలో తీర్చింది, ఆ మేలు కాదనలేం. కాని దానితో పాటు మెట్టగింజలు పేదరికానికి గుర్తుగా మిగిలి, మెల్లగా పొయ్యి మీద నుంచి దిగిపోయాయి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమని ప్రకటించేసరికి అవే రాగులు పట్నపు దుకాణాల్లో రంగు పొట్లాల్లోకి ఎక్కాయి. కూలివాడు వదిలేసిన గింజ మళ్ళీ అతను కొనలేని గింజ కావడం విచిత్రం కాదూ!

రోడ్డే మారిపోయింది. స్వర్ణ చతుర్భుజి పథకానికి 1999లో శంకుస్థాపన జరిగి, మా రోడ్డు నాలుగు వరసలైంది. ప్రయాణ కాలం తగ్గిన మాట వాస్తవం. కాని చింతచెట్లు పోయాయి, చెరువుగట్టు రోడ్డుకు దూరమైంది, ఊళ్ళను తప్పించి బైపాసులు వచ్చాయి. బండి ఎక్కడపడితే అక్కడ ఆపడానికి లేదు, ఆపకూడదు కూడా. ఊళ్ళో పూటకూళ్ళమ్మ ఊళ్ళోనే ఉండిపోయింది, లారీ ఊరి బయటి నుంచి పోతోంది. 2013లో చెన్నైలో అమ్మ ఉణవగం మొదలైంది. 2015లో మా ఒడిశాలో ఐదు రూపాయల ఆహార్, 2017లో కర్ణాటకలో ఇందిరా క్యాంటీను, 2018లో ఆంధ్రలో అన్న క్యాంటీను, 2020లో మహారాష్ట్రలో పది రూపాయల శివభోజనం వచ్చాయి. అన్నీ మెచ్చుకోదగినవే. కాని అవి నగరాల నడిబొడ్డున పెట్టినవి. పగటిపూట లారీని నగరంలోకి రానివ్వరు. చౌకగా దొరికే ఆ వేడి అన్నం డ్రైవరుకు కనబడుతుంది గాని అందదు.

చట్టం లేదా అంటే, 2025 దాకా ఒకటి ఉండేది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది గంటలు పని అన్నది. ఐదు గంటలకు మించి ఏకధాటిగా తోలించరాదు, అరగంట విశ్రాంతి ఇవ్వాలన్నది. వందమందికి పైబడి ఉన్నచోట క్యాంటీను అన్నది. కాని ఆ చట్టం ఐదుగురు లేక అంతకు మించి పనివారున్న సంస్థలకే వర్తించేది. మన దేశంలో లారీలు ఎక్కువగా ఒకటి రెండు బళ్ళున్న చిన్న యజమానులవి. ఆ డ్రైవరుకు ఆ అరగంట విశ్రాంతి దక్కేది కాదు. కడుపు నిండా తింటే కునుకు వస్తుందన్న భయంతో పగలంతా టీ, గుట్కాతో గడిపి, అర్ధరాత్రి బండి ఆపాక ఒక్కసారే మూడు పూటల తిండి తింటాడు. మా మేనల్లుడి షుగరుకు మూలం నాలుకలో వెతకడం అన్యాయం. పని గంటల్లో వెతకాలి.

అలాగని చేతులు ముడుచుకుని కూర్చోవడానికి లేదు. చట్టం మారేలోగా అతను బతకాలి. అందుకని నాన్నగారి టూల్‌బాక్సును ఈనాటి రోడ్డుకు తగినట్టు సర్ది ఒక కాగితం రాశాను. స్టవ్వు లోడు ఎక్కించే చోటా, లారీలు ఆపే తావుల్లోనే వెలిగించాలి. పెట్రోలు బంకు దగ్గరా, కేబిన్ లోపలా వెలిగించరాదు. బియ్యం పూటకు ఒక కొలత గ్లాసే. ఉప్పుడు బియ్యమైనా బియ్యమే, షుగరున్నవాడు మరచిపోకూడదు. పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం ధాన్యం నుంచి వచ్చే శక్తి మొత్తంలో 45 శాతం దాటరాదు. మన కంచంలో అన్నం కొండలా, కూర గోరంతగా ఉండడం తలకిందులు కావాలి. చోడిపిండి పలచని అంబలిగా కన్నా రొట్టెగా మేలు, దానితో పప్పు ఉండాలి. మొలకెత్తిన ఉలవలు, వేయించిన శెనగలు, వేరుశెనగలు సీటు పక్కన డబ్బాలో ఎప్పుడూ ఉండాలి. షుగరు మాత్ర వేసుకుని తిండి మానేస్తే స్టీరింగు ముందే కళ్ళు తిరుగుతాయి, అది మరీ ప్రమాదం. ఊరగాయ నంజుకోవడమే గాని కలుపుకోవడం లేదు. రోజుకు ఐదు గ్రాముల ఉప్పు చాలు. వేసవిలో చద్ది ఒక రాత్రికి మించి ఉంచరాదు. ధాబాకు వెళ్ళక తప్పనినాడు తడకా వేయని పప్పు, తందూరులో కాల్చిన గోధుమ రొట్టెలు రెండు, ఉల్లి, పెరుగు అడగాలి. అడిగితే ఇస్తారు, మనం అడగం. మందు మాత్రం డాక్టరు చెప్పినట్టే.

కాగితం పంపాక అతను ఫోను చేశాడు. "మావయ్యా, నాకు తెలుగు చదవడం రాదని మరచిపోయావా?" అన్నాడు. నిజమే. ఇంట్లో తెలుగే మాట్లాడే కుర్రవాడు, బడిలో ఒరియా తప్ప నేర్చుకోలేదు. నాకు సిగ్గేసింది. ఫోనులోనే మొత్తం చదివి వినిపించాను. అత్తెసరు అన్న మాట దగ్గర ఆపి, "అదేటి?" అని అడిగాడు. ఆ మాటా, ఆ వంటా రెండూ వాళ్ళ అమ్మతోనే ఆగిపోయాయని అప్పుడు తెలిసింది. నీళ్ళ కొలత, మంట కొలత చెప్పాను. మర్నాడు విజయనగరం దాటాక చెట్టులేని ఒక లారీ స్టాండులో స్టవ్వు వెలిగించాడట. మొదటిసారి అడుగంటిందట. రెండోసారి కుదిరిందని చెప్పాడు.